చింపెయ్యమన్న ఉత్తరం

కోటబొమ్మాళి,
10 మే 1967

తమ్ముడు ఆదాముకి,

నీ ఉత్తరం మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నా చేతికొచ్చింది. కోపం తగ్గాక రాద్దామని రెండు రోజులు పక్కన పెట్టాను. తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

పదేళ్ల కిందట ఎల్లిస్ డాక్టరు దొరగారు మిషను ఆస్పత్రి పని చాలించుకుని ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, తండ్రి లేని పిల్లాడివని, లెక్కల్లో చురుకని నిన్ను చదివించడానికి వెంట తీసుకెళ్లారు. పద్నాలుగేళ్లవాడివి. రైలు కదిలినప్పుడు అమ్మ ఏడవలేదు. "డాక్టేరై వస్తాడు" అని అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు నువ్వేమో డాక్టరు చదువు వదిలేశాను, బంతాట ఆడితే జీతమిస్తామన్నారు, చేరిపోయాను అంటావా! కూటికోసం కోటి విద్యలన్నారు గానీ ఆ కోటిలో ఇదొకటుందని నాకు తెలీదు.

అమ్మకి చదివి వినిపించాను. దాచడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఆఖరి దాకా వింది. తర్వాత, "బంతాడితే జీతవిస్తారేటి? ఆ దొరలకి మతి పోనాది. ఒలే లీలా, ఆడికి తిండి పెడతన్నారో లేదో అడుగు ముందు" అంది. అడుగుతున్నాను. పెడుతున్నారా?

పక్కింటి జగ్గమ్మత్త నువ్వు డాక్టరువైపోయావనుకుని తన మోకాళ్ల నొప్పులకి మందు రాయమంటోంది. ఆవిడకేం చెప్పాలో కూడా నువ్వే రాయి.

నీ అక్క
లీలారాణి


మెల్‌బోర్న్,
4 జూన్ 1967

అక్కా,

నువ్వు తిడితే మన వీధిలో ఉన్నట్టే ఉంది. ఇంకా తిట్టు.

నిజం చెప్పేస్తాను. చదువు నేను వదల్లేదు, అదే నన్ను వదిలేసింది. మూడుసార్లు పరీక్ష తప్పాను. రాయడానికి సిగ్గేసింది. దొరగారు బతికుంటే బాధపడేవారు. దొరసానిగారు మాత్రం "పోనీలే బాబూ" అన్నారు. ఆవిడ ఇప్పటికీ మన తెలుగు మర్చిపోలేదు.

ఈ ఆట నువ్వనుకునే బంతాట కాదు. బంతి గుండ్రంగా ఉండదు. నడుం లావు, రెండు కొసలూ సన్నం, అచ్చం బొప్పాయికాయ. ఒక్కో పక్క పద్దెనిమిది మంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నాలి. పై నుంచి వచ్చే బంతిని, ఎదుటివాడి భుజం మీద మోకాలు ఆనించి ఎగిరి అందుకుంటే ముప్ఫై వేల మంది లేచి నిలబడతారు. అలా ఎగరడంలో మా జట్టులో నన్ను మించినవాడు లేడు. వారమంతా టైర్ల గోదాములో పని, సాయంత్రాలు సాధన, శనివారం ఆట.

ఇక్కడ ట్రాములో నా పక్కన ఖాళీ ఉన్నా కూర్చోని మనుషులున్నారు. అక్కా, శనివారం మధ్యాహ్నం ఆ మనుషులే నా పేరు పెట్టి గొంతు చించుకుంటారు. దానికోసం ఆడుతున్నాను. డబ్బు తర్వాత.

పోయిన వారం ఒకడి మోచెయ్యి తలకి తగిలి రెండు నిమిషాలు ఎక్కడున్నానో తెలియలేదు. ఏదో ఘాటు వాసన చూపించి మళ్లీ పంపించారు. గెలిచాం.

రెండేళ్లకి సంతకం పెట్టాను. వచ్చే ఏడు సెప్టెంబరుతో అయిపోతుంది. అప్పుడు ఓడెక్కి వచ్చేస్తాను. అమ్మతో ఖాయంగా చెప్పు. తిండికి లోటు లేదు, మాంసం ఎక్కువ, కారం లేదు. జగ్గమ్మత్తని వేడి నీళ్లతో కాపడం పెట్టుకోమను.

ఆదాము


కోటబొమ్మాళి,
3 ఏప్రిల్ 1968

ఒరే ఆదామూ,

నువ్వు పంపిన ఫొటో వచ్చింది. వచ్చినప్పటి నుంచి మన ఇంట్లో నాకు చోటు లేదు. వీధి వీధంతా మన అరుగు మీదే.

ఫొటోలో నువ్వు ఒక మనిషి వీపు మీదెక్కి ఆకాశంలో ఉన్నావు. చేతుల్లో ఆ బొప్పాయికాయ. అమ్మ దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. "ఓలమ్మో, కింద పడిపోతాడే! దిగమని రాయే ఆడికి" అంది. అది ఫొటో అని, ఎప్పుడో దిగిపోయి ఉంటాడని చెప్పాను. "దిగినోడు మళ్లీ ఎక్కడేటి?" అంది. దీనికి జవాబు నువ్వే రాయి.

పోతురాజు మావ, "మామిడితోటలో కాపలావాడు తరిమితే చినప్పుడు ఇలాగే ఎక్కేవోడు, ఆడికిది కొత్తేటి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చదువు పోయిందన్న కోపం నాకింకా పూర్తిగా పోలేదు సుమా. కానీ ఆ ఫొటోలో నీ ముఖం చూశాను. అంత సంతోషంగా నువ్వు ఏ ఎక్కం చెప్పినప్పుడూ లేవు.

అమ్మకి చలికాలం నుంచి దగ్గు. పని మానెయ్యమంటే వినదు. సెప్టెంబరు దాకా నెలలు వేళ్ల మీద లెక్కపెడుతోంది. "బేగి రమ్మను. నాను సూసి, ఆడి తల నిమిరితే సాలు, మళ్లీ ఎల్పోయినా ఏటీ అనను" అంటోంది. ఆ మాట నేను అందంగా మార్చి రాయలేదు, అన్నది అన్నట్టే రాశాను.

నీ అక్క
లీలారాణి


మెల్‌బోర్న్,
9 జూన్ 1968

అక్కా,

బాగున్నారా? నేను బాగున్నాను. ఇక్కడ నేనాడే ఆట సంగతి నీకెప్పుడూ రాయలేదు కదూ. బంతి గుండ్రంగా ఉండదు. అచ్చం బొప్పాయికాయ. ఒక్కో పక్క పద్దెనిమిది మంది ఉంటాం.

పోయిన శనివారం మూడు గోల్స్ కొట్టానట. నాకు గుర్తు లేదు. సోమవారం పేపరులో చదివి తెలుసుకున్నాను. తలకి దెబ్బ తగలడం ఈ ఏడు నాలుగోసారో ఐదోసారో. ఇక్కడ దాన్ని ఎవరూ దెబ్బగా లెక్కపెట్టరు. కాలు విరిగితే బయట కూర్చోబెడతారు. తల తిరిగితే ముఖం కడిగి పంపిస్తారు. నేను మాత్రం బయట కూర్చుంటానంటానా? నా చోటుకోసం ఇద్దరు కాచుకునున్నారు.

ఒక్క చిన్న సాయం. అమ్మ చోడి అంబలిలో నంజుకునేది, ఎర్రగా, ఘాటుగా, పొరలు పొరలుగా ఉంటుంది చూడు. దాని పేరేమిటి? ఇంగ్లీషులో తెలుసు, మన మాట పొద్దుటి నుంచి రావడం లేదు. నవ్వకు.

సెప్టెంబరులో వస్తున్నాను.

ఆదాము


కోటబొమ్మాళి,
19 జులై 1968

ఆదామూ,

ఈ కాగితం మూల మసి చూసి నీకు తెలిసే ఉంటుంది. కూర్చుని చదువు.

అమ్మ పోయింది. పదహారో తేదీ మంగళవారం, తెల్లారే వేళ. ఉభాలకి వెళ్లొద్దన్నాను. "వానొచ్చినప్పుడు ఊడవకపోతే మరెప్పుడు ఊడుస్తారు" అని వెళ్లింది. రెండు రోజులు మోకాలి లోతు నీళ్లలో నాట్లు వేసింది. మూడో రోజు జ్వరం, ఊపిరితిత్తులకి నెమ్ము చేరింది. ఆస్పత్రివాళ్లు చెయ్యగలిగిందంతా చేశారు.

నీ జూన్ ఉత్తరం జ్వరంలోనే వినిపించాను. "ఉల్లిపాయి మరిసిపోనాడేటి! దొరబాబైపోనాడు" అని నవ్వింది. ఆ నవ్వుకి దగ్గొచ్చి చాలాసేపు ఆగలేదు. ఆఖరికి నీ పేరే. నా పేరు కాదు. పక్కన కూర్చున్నది నేనైనా నీ పేరే అంది. నాకు కుళ్లు లేదు. ఉందేమో కూడా. ఇవాళ ఏమీ తెలియడం లేదు.

పాస్టరుగారు వద్దంటారు గానీ, అమ్మ పట్టింపు నీకు తెలుసు. చావు కబురు ఉత్తరాన్ని గుమ్మం లోపల ఉంచనిచ్చేది కాదు. నాన్న సంగతి రాసిన కార్డుని కూడా వీధిలోనే చింపేసింది. నువ్వూ చదివిన వెంటనే దీన్ని చింపెయ్యి. నీ పెట్టెలో పెట్టుకోకు. అమ్మ మాట ఇదొక్కటైనా చెల్లనీ.

నువ్వు వచ్చినా ఇప్పుడు చూడ్డానికేమీ లేదు. అయినా రా.

అక్క


మెల్‌బోర్న్,
4 ఆగస్టు 1968

అక్కా,

చదివాను.

ఉత్తరం ముక్కలు ముక్కలు చేసి, నడిచి వెళ్లి నదిలో వదిలేశాను. వంతెన మీద నిలబడి చాలాసేపు ఏడ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఇక్కడ అడగరు.

ఇంకా నాలుగు ఆటలున్నాయి. ఆడకుండా గదిలో ఉంటే పిచ్చెక్కుతుంది. అవి అవగానే వస్తాను. నిన్ను చూడ్డానికి వస్తాను అక్కా. నువ్వు కూడా ఉండకుండా పోకు.

ఆదాము


మెల్‌బోర్న్,
29 సెప్టెంబరు 1968

అక్కా,

సీజను అయిపోయింది! ఆఖరి ఆటలో నేనూ మా వాడే ఒకడూ బంతికోసం ఎగిరి తలలు కొట్టుకున్నామట. మర్నాడు లేచేసరికి ఆస్పత్రిలో ఉన్నాను. ఈ చలికాలంలో జరిగినవి చాలావరకు గుర్తు లేవు. అదే సర్దుకుంటుందన్నారు. నువ్వు కంగారు పడకు, అమ్మకి అసలు చెప్పకు.

నీ ఉత్తరాలన్నీ బిస్కట్ల డబ్బాలో తారీఖు వారీగా పెట్టుకున్నాను. రోజూ అవి చదువుకుంటే మన ఇంటి సంగతులన్నీ మళ్లీ తెలుస్తున్నాయి. ఆఖరిది ఏప్రిల్‌ది. అమ్మకి దగ్గని రాశావు. తర్వాత రాయలేదేం? తగ్గిందా?

అమ్మకి ఉన్ని శాలువా కొన్నాను. గోధుమరంగు. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తుందనుకుంటా. తల నిమరాలందిగా, జుట్టు కత్తిరించుకోకుండా వస్తాను. నిమరడానికి బాగుంటుంది.

ఆదాము


కోటబొమ్మాళి,
16 అక్టోబరు 1968

ఆదాముకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎగతాళికి రాశావో, తాగి రాశావో తెలియలేదు.

జులైలో నేనేం రాశానో నీకు తెలుసు. ఆగస్టులో నువ్వు నీ చేత్తో రాసిన జవాబు నా ముందే ఉంది. అయినా అమ్మకి దగ్గు తగ్గిందా అని అడగడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా? శాలువా కొన్నావా? ఎవరికి కప్పుతావు? ముప్ఫై వేల మంది నీ పేరు అరుస్తుంటే అమ్మ సంగతి నీకో చిన్న సంగతైపోయిందా, రెండు నెలల్లో మర్చిపోవడానికి?

ఆ మాట రెండోసారి నా చేత రాయించకు. ఒకసారి రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. నీకు తెలియని కబురు నా దగ్గరేమీ లేదు. నువ్వు రావక్కర్లేదు, రాయక్కర్లేదు.

లీలారాణి


(దొరసానిగారి ఇంటి నుంచి)
8 డిసెంబరు 1968

అక్కా,

నీ ఉత్తరం చదివితే భయమేసింది. నేనేం తప్పు చేశానో తెలియడం లేదు. జులై ఉత్తరం కోసం డబ్బా అంతా బోర్లించి వెతికాను. లేదు. నేను రాసిన జవాబేమిటో కూడా నాకు తెలీదు. అమ్మ నా మీద అలిగిందా? సెప్టెంబరులో వస్తానని రాలేదనేనా? ఆవిడ మాట ఒక్క ముక్క రాయి అక్కా, తిట్టైనా సరే.

క్లబ్బువాళ్లు నన్ను వదిలేశారు. సాధనలో బంతి పట్టుకుని మా గోలు వైపే పరిగెత్తానట, రెండుసార్లు. కుర్రాళ్లు నవ్వారు. ముసలి కోచ్ మాత్రం నవ్వలేదు. నా సంచి తనే సర్దిపెట్టి, రైలెక్కించి దొరసానిగారి దగ్గరికి పంపేశాడు. నా వయసు పాతికేళ్లు. నాకు వేరే పనేదీ రాదు.

ఒంటరిగా ఓడ ప్రయాణం వద్దన్నారు డాక్టర్లు. శాలువా పార్సెలు చేస్తున్నాను. అమ్మకి చలి కదా, ఆగడం ఎందుకు.

ఆదాము


కోటబొమ్మాళి,
10 మార్చి 1969

నా తండ్రీ, ఆదామూ,

ఇన్ని నెలలు నీ ఉత్తరాలకి జవాబివ్వని పాపిష్టిదాన్ని. శాలువా వచ్చినా విప్పలేదు. నిన్న దొరసానిగారి ఉత్తరం వచ్చింది, తెలుగులోనే, వణుకుతున్న అక్షరాలతో. నీ తలకి తగిలిన దెబ్బల గురించి, కొన్ని సంగతులు నిన్ను వదిలి పోతున్నాయని, పోయినవి తిరిగి రావని అక్కడి పెద్దాస్పత్రిలో చెప్పారని రాశారు. "మరిడమ్మగారు ఎందుకు కోపంగా ఉన్నారు?" అని అమ్మ గురించే నన్నడిగారు. ఆవిడకీ తెలియదు. నేను నీకొక్కడికే రాశాను, నువ్వేమో చింపేశావు. చింపమన్నది నేను.

నువ్వు ఇంటి సంగతులు తెలుసుకునేది ఆ డబ్బాలోంచేనట. మిగతావన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. అందుకే నీ డబ్బాలో అమ్మ ఇంకా బతికే ఉంది. దానికి నిన్ను తిట్టాను. ఆ మాటలు రాసిన చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

నేను అబద్ధం ఆడలేను, నీకసలే ఆడలేను. కనుక రెండోసారి రాస్తున్నాను. అమ్మ పోయింది నాన్నా. పోయిన జులై పదహారున. నీ మీద కోపం లేదు, అలక లేదు. నీ పేరు పిలుస్తూ పోయింది. ఆవిడకి నువ్వు చేసిన తప్పేదీ లేదు, నాకూ లేదు.

ఇది చింపకు. డబ్బాలో అన్నిటికన్నా పైన పెట్టుకో. మర్చిపోయినప్పుడు తీసి చదువుకో. అప్పుడు ఎవరినీ అడగనక్కర్లేదు.

నీ అక్క


(ఒకే కవరులో రెండు కాగితాలు)

14 ఏప్రిల్ 1969

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. అమ్మ పోయిందా? ఎప్పుడు? జులై అని రాశావు, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు? నేను ఓడ టిక్కెట్టు గురించి అడుగుదామని ఇవాళే అనుకున్నాను. తల నిమరాలందని జుట్టు పెంచాను. అక్కా, నేను రాకముందే ఎలా పోయింది? నేను వస్తానన్నానుగా.

ఆదాము


15 ఏప్రిల్ 1969

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. డబ్బాలో పైనే ఉంది. అమ్మ పోయిందా? నాకెందుకు ముందే చెప్పలేదు? నేను ఓడ టిక్కెట్టు గురించి అడుగుదామని ఇవాళే అనుకున్నాను. దొరసానిగారు పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ కూడా ఏడుస్తున్నారు. అక్కా, నేను వస్తానన్నానుగా.

ఆదాము


కోటబొమ్మాళి,
20 మే 1969

దొరసానిగారికి, ఇది మీకు మాత్రమే.

మీ ఉత్తరమూ, వాడి రెండు కాగితాలూ అందాయి. ఇలాంటివి ఇంకా పంతొమ్మిది ఉన్నాయని, రోజూ పొద్దున్న కాఫీ వేళకి వాడు డబ్బా తెరుస్తాడని, రోజూ అదే మొదటిసారని రాశారు. ఎవరికైనా తల్లి ఒక్కసారే పోతుంది. మా వాడికి తల్లిని నేను రోజూ చంపుతున్నాను.

నా మార్చి ఉత్తరాన్ని వాడు చూడకుండా తీసి చింపెయ్యండమ్మా. అక్టోబరు ఉత్తరాన్ని కూడా. వాడు రాసుకున్న ఆ కాగితాలన్నీ కూడా. ఒక్క ముక్క మిగలనివ్వకండి. దీని కింద రెండో కాగితం ఉంది. దాన్ని డబ్బాలో పైన పెట్టండి.

బడిలో అబద్ధమాడిన పిల్లల్ని నేను బెంచీ ఎక్కిస్తాను. నిన్నటి నుంచి మూడు కాగితాలు రాసి నలిపేశాను, ఆ కింది కాగితం నాలుగోది. దేవుడడిగితే జవాబు నేనే చెప్పుకుంటాను, మీ మీద పెట్టను.

లీలారాణి


కోటబొమ్మాళి

ఆదాము నాన్నకి,

మేమందరం బాగున్నాం. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మామిడికాయలు దిగాయి, ఈ ఏడు పులుపెక్కువ. జగ్గమ్మత్త మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరూ అలాగే ఉంది.

నువ్వు ఓడ టిక్కెట్టు గురించి అడుగుదామనుకుంటున్నావట. తొందరేం లేదు. ఒంట్లో బాగయ్యాకే, డాక్టర్లు సరేనన్నాకే. ఆట గురించి కూడా బెంగ వద్దు. నువ్వు ఎగిరినంత ఎత్తుకి మన జిల్లాలో ఎవడూ ఎగరలేదు, ఆ మాట ఇక్కడ అందరూ అంటారు.

అమ్మకి దగ్గు తగ్గింది. బాగానే ఉంది. శాలువా ఇంత ఎండల్లో కూడా కప్పుకుని వీధిలో కూర్చుంటోంది, నా మాట వినడం లేదు. నీ మీద కోపమేమీ లేదు. నీకేం రాయమంటావని అడిగితే ఇలా చెప్పింది, చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను:

"బాబూ, బెంగెట్టుకోకు. ఏలకి తిను. దొరసానమ్మ మాటిను. నీకు ఎప్పుడు ఒంట్లో బాగుంటే అప్పుడే రా. నానెక్కడికీ ఎల్పోను."

నీ అక్క
లీలారాణి